తీసివేతకూ లెక్క ఉండాలి

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో పనిచేయటం మొదలుపెట్టింది. అటువంటి కొలిమిలో ఖనిజంలోని ఇసుక మొదలైన మలినాలు సున్నంతో కలిసి లోహమలంగా మారతాయి. ద్రవ ఇనుము కన్నా తేలిక కాబట్టి లోహమలం పైకి తేలుతుంది. దాన్ని వేరుగా తీసివేస్తారు. ఏది ఇనుము, ఏది మలం అన్న తగవు రాదు. సాంద్రతే తీర్పరి.

అంతర్జాల చర్చల్లోనూ ఇటువంటి ఏరివేత జరుగుతూనే ఉంటుంది. బూతులు, బెదిరింపులు, వదంతులు తొలగించకపోతే చర్చ సాగదు. కాని మాటలకు సాంద్రత వంటి కొలమానం ఏది? వచ్చిపడే రాతలన్నిటినీ మనుషులు చదవలేరు కనుక పెద్ద కంపెనీలు తొలి వడపోతను కంప్యూటరు ప్రోగ్రాములకు అప్పగించాయి. పదాలను మాత్రమే చూసే ప్రోగ్రాముకు "నవ్వించి చంపేశావు పో!" అన్న మెచ్చుకోలు నేరంగా కనిపించవచ్చు. "నీ సంగతి చూస్తాను" అన్న బెదిరింపులో తప్పుపట్టదగిన పదం ఒక్కటీ దొరకదు. సందర్భాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొత్త ప్రోగ్రాములు కొంత మెరుగు. అయితే అవి నేర్చుకోవటానికి ఇంగ్లీషులో ఉన్నన్ని ఉదాహరణలు తెలుగులో లేవు.

కాబట్టి పొరపాట్లు తప్పవు. పొరపాటును పట్టుకునే దారి మూసివేయటం అంతకన్నా పెద్ద లోపం. మన దేశంలో 2021 నాటి ఐ.టి. నియమాలు ఈ దారిని కొంత తెరిచాయి. 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న సామాజిక మాధ్యమం ఒకరి రాతను తనంతట తాను తొలగించేటప్పుడు, సాధారణంగా ముందుగా కారణం తెలపాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశమివ్వాలి. అయితే ఆ కారణం తెలపవలసింది రాసినవారికే. చర్చను చదువుతున్న మిగతావారి మాటేమిటి?

2003లో మొదలైన తెలుగు వికీపీడియా పద్ధతి ఇక్కడ గమనించదగ్గది. దాని సాధారణ చర్చల పేజీ పేరే రచ్చబండ. అక్కడ ఒక వ్యాఖ్యను తీసివేసినా సాధారణంగా పాత ప్రతి పేజీ చరిత్రలో మిగులుతుంది. మొత్తం పేజీని తొలగిస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు తొలగించారన్నది చిట్టాకెక్కుతుంది, ఎవరైనా చూడవచ్చు. ఇందులోనూ లోపం లేకపోలేదు. తొలగించిన పేజీలోని రాత నిర్వాహకులకే కనిపిస్తుంది. కారణాన్ని రెండు మాటలతో సరిపెట్టే వీలూ ఉంది. అయినా, తీసివేసినవారిని ప్రశ్నించటానికి ఆధారం మిగులుతుంది.

ప్రయోగశాల రికార్డులో తప్పు అంకెను రబ్బరుతో చెరపవద్దని, అది కనబడేలా ఒక్క గీత కొట్టి సరైన అంకె పక్కన వేయమని అధ్యాపకులు చెబుతారు. నలుగురి మాటలను తీసివేసే అధికారం ఉన్నవారికీ ఈ పాఠం వర్తించాలి.