ఆశ్రయ పురములు, వలస చట్టములు: ఒక విమర్శనాత్మక పరిశీలన

గల్ఫ్ నుండి వచ్చిన కానుకలతో కట్టిన ప్రార్థనా మందిరములు మన గ్రామాలలో ఉన్నవి. ఆ కానుక పంపిన సహోదరుడు ఏ చట్టము క్రింద వెళ్ళాడో, అక్కడ ఏ చట్టము క్రింద బ్రతుకుచున్నాడో మనము అడుగలేదు. ఈ వ్యాసములో ఆ చట్టములను వాక్యపు వెలుగులో పరిశీలింప దలచితిమి.

మన దేశము 1983లో వలసల చట్టమును చేసినది. దీని ప్రకారము పదవ తరగతి ప్యాసు కానివారు కొన్ని నిర్దేశిత దేశములకు పనికి వెళ్ళుటకు ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలెను. ఇంటిపనికి వెళ్ళు స్త్రీలకు 30 ఏండ్లు నిండవలెనను నిబంధన కూడ వచ్చినది. ఉద్దేశము మంచిదే. అయితే కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు వెళ్ళు పేద స్త్రీకి ఇంటివద్ద అప్పు తీరదు, చట్టబద్ధమైన త్రోవ తెరువబడదు. అప్పుడు ఏజెంటు విజిట్ వీసా చూపించును. చట్టము ఎవరిని కాపాడదలచినదో వారే చట్టము వెలుపల పడుదురు.

భీమా సంగతియు ఇట్టిదే. అనుమతితో వెళ్ళినవారు ప్రమాదములో మరణించిన యెడల 10 లక్షల రూపాయలు వచ్చును. నిద్రలో గుండె ఆగి మరణించిన యెడల ఆ సొమ్ము రాదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించినది. ఇది హర్షణీయమే. కాని ఒకే క్యాంపులో ప్రక్క మంచముపై పడుకొనిన పొరుగు రాష్ట్రపు కూలికి అది వర్తించదు.

అంతర్జాతీయ స్థాయిలోను పొందిక లేదు. వలస కార్మికుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1990లో ఆమోదించగా అది 2003లో అమలులోనికి వచ్చినది. పంపు మన దేశము గాని, చేర్చుకొను గల్ఫ్ సహకార మండలి దేశములు గాని దానిని ధృవీకరించలేదు. 2018 నాటి ప్రపంచ వలస ఒప్పందమునకు మన దేశము ఓటు వేసినను, దానికి చట్టబద్ధమైన బలము లేదు.

ఇప్పుడు సంఖ్యాకాండము 35వ అధ్యాయమును చూడుడి. ఆశ్రయ పురములు ఆరు. యొర్దాను ఇవతల మూడు, అవతల మూడు. ఇశ్రాయేలీయునికిని పరదేశికిని అవి సమానమే. ఇది నరహంతకుని గూర్చిన విధి గాని కూలివాని గూర్చినది కాదని ఒకరు ఆక్షేపింపవచ్చును. నిజమే. అయినను ఇందులోని సూత్రము స్పష్టము: నది దాటినంత మాత్రమున మనుష్యునికి న్యాయము మారకూడదు. పైగా ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఆ పురములకు త్రోవలు సిద్ధపరచుమని కోరుచున్నది. త్రోవ లేని ఆశ్రయము ఆశ్రయము కాదు. మన విధానములలో లోపించినవి ఈ రెండే: ఇరువైపుల ఒకే న్యాయము, దానిని చేరుటకు త్రోవ.

రూతు విశ్వాస్యతను మనము తరచు ప్రసంగింతుము. ఆమె పరిగె ఏరుకొనుట బోయజు దయవలన మాత్రమే జరుగలేదు, పరదేశికి ఆ హక్కునిచ్చిన ధర్మశాస్త్రము ముందే ఉన్నదని చెప్పుట మరచితిమి. అందుచేత మన బోధ దయతో ఆగిపోయి న్యాయము వరకు వెళ్ళుట లేదు.

ఈ విమర్శ మొదట మాకే తగులును. మా సంఘములోని ఒక సహోదరికి ప్రయాణ ప్రార్థన చేసి పంపితిమి గాని, వీసా కాగితము చూపుమని అడుగలేదు. అది ఇంటిపని వీసా కాదని ఆమె అక్కడ చిక్కుకొనిన తరువాతనే తెలిసినది. కాపరులారా, వేదాంత విద్యార్థులారా, ప్రార్థనకు ముందు ఆ కాగితము చదువుడి. ఇరు దేశములలో ఒకే న్యాయము కావలెనని పాలకులను అడుగుటకు అప్పుడు మనకు నోరు వచ్చును.