‘ఆడు’, ‘ఆడించు’, ‘ఆడుకొను’: బొమ్మకూ తెరకూ నడుమ తెలుగు భాష

తెర వచ్చి బొమ్మను మింగేసిందనే మాట తెలుగు బాలసాహిత్య చర్చల్లో తరచుగా వినిపిస్తోంది. టీవీ, సెల్‌ఫోను రాకముందు పిల్లలకు బొమ్మలుండేవి, ఆటలుండేవి. ఇప్పుడు చూపు మాత్రమే మిగిలింది అన్నది ఆ వాదసారం. ఇందులోని ఆవేదన అర్థం చేసుకోదగిందే. అయితే బొమ్మ ఒక వస్తువు, తెర దానికి పరాయిదైన మరొక వస్తువు అనీ, ఆడడం ఒక క్రియ, చూడడం దానికి విరుద్ధమైన మరొక క్రియ అనీ ఈ వాదం ముందే నిర్ణయించుకొంటుంది. తెలుగు వాడుక ఈ విభజనను అంగీకరించలేదనీ, అది గీసిన గీత వేరొక చోట ఉందనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. చారిత్రకంగా గండికోట సీమగా పేరున్న జమ్మలమడుగు ప్రాంతం, దాని పొరుగున ఉన్న ప్రొద్దుటూరు, పులివెందులల వ్యవహారం ఇందుకు ఒక ఆధారం. ఇదే కడప జిల్లా నుంచి వెళ్ళి తెలుగు పిల్లలకు పత్రికనూ తెరనూ కూడ ఇచ్చిన ఒక నిర్మాత కృషి మరొక ఆధారం.

ఒక నామం, ఒక ధాతువు

పిల్ల చేతిలోని కొయ్యముక్క బొమ్మ. పుస్తకంలో అచ్చయిన చిత్రం బొమ్మ. నాణేనికి ఒకవైపు బొమ్మ, ఇంకొకవైపు బొరుసు. కొలువులో పేర్చేది బొమ్మ, తోలుతో చేసి తెర వెనుక నిలిపేది బొమ్మ. చివరికి సినిమా కూడ బొమ్మే. ‘కొత్త బొమ్మ పడింది’, ‘బొమ్మ బాగాడతాంది’ అని ప్రొద్దుటూరులో అంటే అది ఆటవస్తువును గురించి కాదని చెప్పనక్కరలేదు. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువు నాటికి ఈ చివరి అర్థం పుట్టే అవకాశమే లేదు. ప్రతిమ, ఆటబొమ్మ అనే పాత అర్థాల సరసన అది తరువాత వచ్చి చేరింది. చేరినప్పుడు ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదన్నదే ఇక్కడ గమనార్హం.

క్రియ విషయంలో ఈ ఏకత్వం ఇంకా స్పష్టం. పిల్లలు ఆడతారు, నర్తకి ఆడుతుంది, నాటకం ఆడతారు, సినిమా నూరు రోజులు ఆడుతుంది. గోడపత్రిక మీద ‘రోజూ 4 ఆటలు’ అని ఉంటుంది. జనం మొదటి ఆటకో రెండో ఆటకో పోతారు. ఇంగ్లీషులోనూ ఆటకూ నాటకానికీ ఒకే మాట ఉంది కదా అనవచ్చు. కాని అక్కడ ఆటబొమ్మకు వేరే పదం, చిత్రానికి వేరే పదం. నామమూ క్రియా రెండూ ఇలా కలిసి రావడాన్ని కేవల నానార్థంగా కొట్టివేయలేం.

దీనికి చారిత్రక కారణం దూరాన లేదు. తెర వెనుక బొమ్మలను ఆడించి పురాణకథలను ప్రదర్శించడాన్ని పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లోనే ప్రస్తావించాడు. అంటే వెలుగు పడిన బట్ట మీద కదిలే బొమ్మను తెలుగువారు సినిమాకు కొన్ని శతాబ్దాల ముందే ఎరుగుదురు. 1932లో తెలుగు టాకీ వచ్చిన తరువాత పల్లెజనం దానిని బొమ్మ అన్నప్పుడు ఉపమానం చెప్పలేదు. తమకు తెలిసిన జాతిలో దానిని చేర్చుకొన్నారు, అంతే. ‘వెండితెర’, ‘బుల్లితెర’ అనే సమాసాలలోని తెర కూడ మొదట బట్ట తెరే.

ఇక అసలు విషయం. ‘ఆడు’ ధాతువుకు మూడు రూపాలున్నాయి. బొమ్మ ఆడుతుంది, ఒకరు బొమ్మను ఆడిస్తారు, పిల్ల బొమ్మతో ఆడుకొంటుంది. మొదటిది అకర్మకం, రెండవది ప్రేరణార్థకం, మూడవది ‘కొను’ చేరిన ఆత్మార్థకం. క్రియాఫలం చేసినవారికే చెందినప్పుడు ‘కొను’ అనుప్రయుక్తమవుతుందని మన వ్యాకరణ సంప్రదాయం గుర్తించింది. వండు, వండుకొను, చెప్పు, చెప్పుకొను అన్నట్లే ఇదీ. తెలుగు గీసిన గీత బొమ్మకూ తెరకూ మధ్య లేదు, ‘ఆడించు’కూ ‘ఆడుకొను’కూ మధ్య ఉంది. ఆట ఫలం ఎవరికి చెందుతున్నది అన్నదే ఆ గీత అడిగే ప్రశ్న.

తోలుబొమ్మ చేతికి అందని బొమ్మ

ఈ కొలతతో చూస్తే మనం స్వర్ణయుగంగా చెప్పుకొనే తోలుబొమ్మలాట కొంత ఇబ్బంది పెడుతుంది. అందులో పిల్లవాడు ప్రేక్షకుడే. మేకతోలును పలచన చేసి, రంగులద్ది, కీళ్ళ దగ్గర దారంతో కట్టిన ఆ నిలువెత్తు బొమ్మలు పిల్లలు తాకేవి కావు. ఆడించే హక్కు ఆ కళనే జీవికగా చేసుకొన్న కుటుంబాలది. కథ కూడ ముందే నిర్ణయమై ఉండేది. రంగనాథ రామాయణం ఆ ఆటకు ఆలంబనగా నిలిచిన సంగతి పరిశోధకులకు తెలిసిందే. నేటి కార్టూను బొమ్మ కథతో సహా వస్తుంది కనుక పిల్లల ఊహను బంధిస్తుందనే ఆక్షేపణ నిజమైతే, అది తోలుబొమ్మకూ, కొండపల్లి దశావతారాలకూ, బొమ్మల కొలువుకూ కూడ వర్తించాలి. మన సంప్రదాయంలో కథలేని బొమ్మ అరుదు.

తేడా ఒకటుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి రాగానే రామాయణం ఆగిపోతుంది. ఊరి సంగతులు, ఆ ఏటి కరవు, ఎదుట కూర్చున్న పెద్దమనిషి పిసినారితనం, పచ్చి హాస్యం అన్నీ లోపలికి వస్తాయి. కథ ముందే తెలిసినా, ఆ రాత్రి ఆట మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు. ప్రేక్షకుల నవ్వును బట్టి ఆడించేవాడి మాట మారుతుంది. ఆ మేరకు చూసేవారికీ ఆటలో పాలు ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులకు దేశవ్యాప్త గుర్తింపు వచ్చింది; దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అక్కడి పనివారు ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి దీపపు బుడ్లు, గోడకు తగిలించే చిత్రాలు. తోలు అదే, రంగు అదే, లోపల దీపం కూడ ఉంది. వాటిని ఆడించేవారు లేరు. టీవీ వల్ల పోయింది బొమ్మ కాదు, పోలిగాడు. ఈ నష్టాన్ని మనం బొమ్మల పద్దులో రాసుకొంటున్నాం.

ప్రియదర్శిని

కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ను ప్రారంభించారు. అదే జంట విజయా సంస్థ పేరిట ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) నిర్మించింది. పిల్లల పత్రిక, పెద్దల సినిమా అని వీటిని వేరువేరు అధ్యాయాలలో చదవడం మనకు అలవాటు. కాని పుటపుటకూ బొమ్మ ఉండి, బొమ్మ చూసి కథను ఊహించుకోగల పత్రికను నడిపిన ఇంటి నుంచే ఆ సినిమాలు వచ్చాయి. (తరువాతి తరంలో విజయ బాపినీడు ‘బొమ్మరిల్లు’ పిల్లల పత్రిక నడిపి ఆపైన దర్శకుడయ్యారు. ఇలా పత్రిక నుంచి తెరకు నడిచిన దారిని ఎవరైనా విడిగా పరిశోధించవలసి ఉంది.)

కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ను బొమ్మల దృష్టితో చూడడం అవసరం. అందులోని ద్వారకానగర దృశ్యానికి గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వంలో చిట్టి ఇళ్ళు కట్టి, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో దానిని మహానగరంగా చూపారు. తెర మీది ద్వారక అక్షరాలా బొమ్మరిల్లు. కథలో రాక్షసులు క్షణంలో నిర్మించే మాయాబజారు ఇంకొక బొమ్మరిల్లు. లక్ష్మణకుమారుని పెళ్ళి తంతు బొమ్మల పెళ్ళిలాగే సాగుతుంది, ఒక్క తేడాతో: బొమ్మల పెళ్ళిలో అది ఆట అని అందరికీ తెలుసు, ఇక్కడ వరుని పక్షానికి తెలియదు. ఆడించబడడం అంటే ఏమిటో ఇంత హాస్యంగా చెప్పిన చిత్రం మరొకటి నా దృష్టికి రాలేదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ప్రియదర్శిని. మూత తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపించే పెట్టె అది. రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు. తమకు ఇష్టమైనది తప్ప మరొకటి చూపని తెరను చేతిలో పట్టుకోవడం ఎలా ఉంటుందో 1957 నాటి తెలుగు ప్రేక్షకులు అప్పుడే చూశారు. శ్రీకృష్ణుడు చూసినప్పుడు మాత్రం అందులో శకుని కనిపిస్తాడు. ఆట మొత్తం తెలిసినవాడికి ఆ పెట్టె ప్రియాన్ని కాదు, జరగబోయే కుట్రను చూపుతుంది. ఈ చిన్న మలుపును విమర్శకులు హాస్యంగానే తీసుకొన్నారు గాని, చూసేవాడికీ ఆడించేవాడికీ ఉన్న అంతరాన్ని ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

యాదృచ్ఛికమే అయినా, అదే 1957లో ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ ‘మిథాలజీస్’ వెలువడింది. అందులో ఆటబొమ్మల మీద ఒక చిన్న వ్యాసం ఉంది. ఆధునిక బొమ్మ పెద్దల లోకానికి నకలు అనీ, అది పిల్లవాణ్ణి సృష్టించేవాడిగా కాక సొంతదారుగా, వాడుకొనేవాడిగా తయారు చేస్తుందనీ ఆయన వాదం. కొయ్యను మెచ్చుకొని ప్లాస్టిక్కును నిరసించాడు. మన బొమ్మల చర్చకు ఈ వ్యాసం ఉపయోగకరమే గాని దానిని యథాతథంగా తెచ్చుకోలేం. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మల్లో తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి అన్నీ పెద్దల లోకపు నకళ్ళే. కొయ్య అయినంత మాత్రాన బొమ్మకు విముక్తి లేదు. ఈ సీమలో పిల్లలు జొన్నదంటు బెండుతో చేసుకొన్న బండి కూడ నకలే. అయితే అది చేసుకొన్నది, వాడిపోయాక పారేసి మళ్ళీ చేసుకొనేది. బార్త్ చూసిన సృష్టికర్త ఆ ‘చేసుకొను’లో ఉన్నాడు.

రీలు ముక్క

తెర బొమ్మను చంపిందనే వాదానికి నా దృష్టిలో గట్టి సమాధానం ఏ గ్రంథంలోనూ లేదు. సినిమా హాళ్ళ వెనుక చెత్తలో ఉండేది. రీళ్ళు తెగినప్పుడు కత్తిరించి పారేసిన ఫిలిం ముక్కలను తెలుగునాట చిన్న పట్టణాల పిల్లలు దశాబ్దాల పాటు ఏరుకొన్నారు. మాడిపోయిన బల్బులో లోపలి తీగలు తీసేసి నీళ్ళు పోస్తే అది భూతద్దం. చీకటిగదిలో గోడకు తెల్లపంచె. బయట ఒకడు అద్దంతో ఎండను లోపలికి మళ్ళిస్తాడు. బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక ముక్కను తిప్పి పట్టుకోవాలి. కాంతిశాస్త్రం ఆ విధంగా అర్థమవుతుంది. కథానాయకుడి ముఖం ఉన్న ముక్కకు గోళీల లెక్కలో ధర ఎక్కువ.

ఆ బొమ్మ కదలదు. దానికి మాట లేదు. కనుక ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరుగుతుంది, ఎవరు ఏమన్నారు అన్నది పంచె పక్కన నిలబడిన పిల్లవాడే చెప్పాలి. ఒక సినిమా ముక్క పక్కన మరొక సినిమా ముక్క పెడితే కృష్ణుడు పోలీసు ఇన్‌స్పెక్టరుతో మాట్లాడతాడు. తోలుబొమ్మలాటలో పిల్లవాడికి దక్కని ‘ఆడించు’ ఇక్కడ దక్కింది. పోలిగాడి పని కూడ వాడే చేశాడు. తెర వినోదం పిల్లవాడి చేతిలో ఆటవస్తువు అయింది గాని ఆటవస్తువును మింగలేదు. 2010 తరువాతి దశకంలో రీళ్ళ స్థానాన్ని డిజిటల్ ప్రదర్శన ఆక్రమించడంతో ఈ ఆట ముడిసరుకు ఆగిపోయింది. మౌఖిక సాహిత్య సేకరణలో పిల్లల పాటలకు ఇచ్చిన చోటు ఈ పంచె తెర కథలకు ఇవ్వలేదు. ఆడుకొన్నవారు ఇంకా నడివయసులోనే ఉన్నారు కనుక సేకరణకు అవకాశం ఉంది.

కొను, కొనుట

‘కొను’కు మరో అర్థం ఉంది. అంగట్లో కొనడం. ఆత్మార్థక ‘కొను’, క్రయార్థక ‘కొను’ రెండూ గ్రహించడం అనే ఒకే మూలార్థం నుంచి వచ్చినవి. తెర వినోదపు వ్యాపారం సరిగ్గా ఈ రెండింటి మధ్య జాగాలో నడుస్తుంది. అమెరికాలో మాటెల్ సంస్థ ‘హీ-మ్యాన్’ బొమ్మలను 1982లో అంగట్లో పెట్టింది, మరుసటి ఏడాది వాటి కార్టూను టీవీలోకి వచ్చింది. కథ కోసం బొమ్మ కాక, బొమ్మ కోసం కథ.

మనకు దగ్గరి ఉదాహరణ ‘ఛోటా భీమ్’. రాజీవ్ చిలక స్థాపించిన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ రూపొందించిన ఈ ధారావాహిక 2008లో పోగో చానల్‌లో మొదలైంది. తరువాత బొమ్మలు, బడిసంచులు, దుస్తులు, పెద్దతెర చిత్రాలు వచ్చాయి. పేరు భారతానిదే, తిండిపుష్టి కూడ భారతానిదే. వంటకాలన్నీ ఒక్కడే ఆరగించే ఘటోత్కచుని వెనుక ఉన్న ఆ వంశలక్షణం ఇక్కడ లడ్డూ అయింది. పురాణపాత్రను పిల్లవాడి ఎత్తుకు దించడం సాహిత్యపరంగా తప్పేమీ కాదు. జానపదుల భారతాలు అంతకంటె పెద్ద స్వేచ్ఛలే తీసుకొన్నాయి. నా అభ్యంతరం వేరే చోట. జానపదుని భీముణ్ణి పక్క ఊరివాడు మార్చుకోవచ్చు. ఛోటా భీమ్ ముఖం, దుస్తు, రంగు మీద హక్కు ఒక సంస్థది. ఆ బొమ్మను కొనుక్కోవచ్చు గాని అలాంటిది చేసి అమ్ముకోవడానికి వీల్లేదు. మన బొమ్మల చరిత్రలో ఇది కొత్త. ప్లాస్టిక్కు కంటె, తెర కంటె ఇదే కొత్త.

అయినా పిల్లలు ఈ హక్కుపత్రాలు చదవరు. దసరా అంగట్లో కొన్న భీముడు ఇంటికి వచ్చాక కొలువులో రాముని పక్కన నిలబడతాడు, చెయ్యి విరిగితే రాక్షసుడవుతాడు. ‘బాహుబలి’ (2015) చూసి వచ్చినవాడికి కందికట్టె కత్తి అయింది. ఆ కత్తిని ఎవరూ అమ్మలేదు. విమర్శ పట్టించుకోవలసింది తెర ముందు గడిపిన గంటలను మాత్రమే కాదు, తెర ఆరిపోయిన తరువాత ఆ కథతో పిల్లవాడు ఏం చేసుకొన్నాడన్నది కూడ. ‘బొమ్మరిల్లు’ (2006) సినిమా ఇతివృత్తం దీనికి మరో కోణం. ప్రేమగల తండ్రి కొడుకు జీవితంలోని ప్రతి ఎంపికా తానే చేస్తాడు. కొడుకుకు లోటు లేదు, ‘కొను’ లేదు. ఇసుకలో పిల్లలు తమకు తాము కట్టుకొనే ఇంటి పేరును ఆ కథకు పెట్టడంలోని వ్యంగ్యం ఆ చిత్రంలో అన్నిటికంటె బలమైన అంశం అనుకొంటాను.

ఫోను విషయంలో ఈ సీమ వాడుక ఇప్పటికే తీర్పు చెప్పింది. పిల్లవాడు అందులో ఆటలాడుతుంటే తల్లి ‘ఫోన్తో ఆడుకుంటాండాడు’ అంటుంది. వరుసగా వచ్చే వీడియోల ముందు కూర్చుంటే ‘ఫోను చూస్తాండాడు’ అంటుంది. పరికరం ఒకటే, తెర ఒకటే, క్రియలు రెండు. రెండవ వాక్యంలో ‘కొను’ లేదు.