మొరాయించే బండి నాడి పట్టేవారు
ఒక్కోసారి ఠక్కున స్టార్టయి, ఒక్కోసారి ఎంత సెల్ఫ్ కొట్టినా పలక్క, సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయే కారు వస్తే విశాఖపట్నం సీతమ్మధారలో మంచి మెకానిక్ పనితనం చూసి తీరాలి. ముందే పార్టులు మార్చడు. “వేడి మీద ఆగుతోందా, పొద్దున్నే మొరాయిస్తోందా అండీ?” అని అడుగుతాడు. తాళం తిప్పించి పెట్రోల్ పంపు రొద వింటాడు. బ్యాటరీకి మీటర్ పెడతాడు, 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టే. సముద్రపు ఉప్పుగాలికి చిలుమెక్కిన ఎర్త్ వైరు గీకి బిగిస్తాడు. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో కనెక్టరూ కదిపి చూస్తాడు. వేడెక్కితే మూగబోయి, చల్లారాక పనిచేసే క్రాంక్ సెన్సర్ కోసం బండి ఆగేదాకా ఓపిగ్గా కాచుకుంటాడు. దాక్కున్న లోపాన్ని బయటికి రప్పించి పట్టడమే ఈ విద్య. అర్ధరాత్రి ఆసుపత్రికి బయల్దేరే కుటుంబానికి బండి కదులుతుందన్న ధైర్యం ఆ చేతి చలవే.