నోరు విప్పి ఆడిన ఆట

విమానాశ్రయం పుణ్యమా అని భోగాపురం పేరు ఇప్పుడు పేపర్లలో తరచూ కనిపిస్తోంది. నేను మాత్రం అక్కడికి వెళ్ళింది చుట్టాల పిల్ల స్కూలు వార్షికోత్సవానికి. పదకొండేళ్ళ ఆ పిల్ల సత్యభామ ప్రవేశ దరువు చేసింది. జడ, జడగంటలు, గజ్జెలు అన్నీ ఉన్నాయి. పాట మాత్రం స్పీకర్లోంచి వస్తోంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన, తొంభై దాటి ఉంటాయి, చప్పట్లు కొట్టి నావైపు వంగారు. "బాగానే ఆడింది గానీ బాబూ, నోరిప్పలేదేటి? మా చిన్నప్పుడు సానోళ్ళు ఆళ్ళే పాడుకుంటా ఆడీవోరు."

ఆయనకు తెలియకుండానే ఆ సానుల విద్యకు గుండెకాయ ఎక్కడుందో చూపించారు.

సానులంటే గుళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ ఆడి పాడిన కళావంతుల కులపు స్త్రీలు. వాళ్ళ మేళంలో నాయిక మధ్యలో నిలబడేది. మద్దెల నడుముకు కట్టుకున్నవాడు, శ్రుతి పట్టేవాళ్ళు, తాళం వేసేవాళ్ళు వెనక నిలబడేవారు. వాళ్ళు ముందే అనుకున్న పాటను వాయించి ఆమె చేత ఆడించేవారు కాదు. ఆమె ఏ మాట దగ్గర ఆగితే అక్కడ ఆగేవారు, ఎక్కడ లాగితే అక్కడికి సాగేవారు. గొంతూ ముఖమూ ఒకరివే కావడంతో పాటకూ అభినయానికీ మధ్య సందు ఉండేది కాదు. మాట పుట్టేటప్పుడే కనుబొమ కదిలేది. రికార్డు పాటకు ఆడే పిల్లకు ఇది సాధ్యం కాదు. పాట ఎవరి కోసమూ ఆగదు కాబట్టి ఆ పిల్లే దాని వెనక పరుగెత్తాలి.

పాడుతూ ఎగరడం కుదరదు, ఊపిరి చాలదు. అందుకే ఈ బాణీలో బలమంతా పదం దగ్గర ఉంది. క్షేత్రయ్య పదాలను చాలాసార్లు కూర్చునే పట్టేవారు. పల్లవిలో ఒక్క పాదం తీసుకుంటారు. మొదటిసారి మాటకు మాటగా చేయి చెబుతుంది, దాన్ని పదార్థాభినయం అంటారు. రెండోసారి ఆ మాట ఎవరితో, ఏ పూట, ఎంత కోపంతో అంటోందో కనిపిస్తుంది. మూడోసారికి అదే మాట ఎత్తిపొడుపు అయిపోతుంది. రాత్రంతా ఎక్కడున్నావని అడిగే నాయిక చేతుల్లో ప్రశ్న ఉంటుంది, కళ్ళలో జవాబు ముందే ఉంటుంది. ఒక్క పాదంతో అరగంట కూర్చోబెట్టడానికి కాళ్ళ చురుకు ఒక్కటే చాలదు. సాహిత్యం తెలియాలి, రాగం తెలియాలి, ఎదుట కూర్చున్న రసికుడి తాహతూ తెలియాలి.

ఈ మేళాలు ఆడిన చోట్లు చాలా ఉన్నాయి. పెళ్ళిళ్ళలో, జమీందార్ల ఇళ్ళలో మేజువాణి. గుడిలో పుష్పాంజలి, కుంభహారతి. రాత్రుళ్ళు కలాపాలనే నృత్యనాటకాలు. గొల్లకలాపం సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అందులో చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుడికి పిండోత్పత్తి వివరిస్తుంది. తల్లి కడుపులో పిండం ఎలా ఏర్పడుతుందో, నెలనెలా ఎలా పెరుగుతుందో చెప్పి, పుట్టుకలో హెచ్చుతగ్గులు ఎక్కడున్నాయని నిలదీస్తుంది. లోకం ఎవరి పుట్టుకనైతే వేలెత్తి చూపిందో, ఆ స్త్రీ నోటనే ఊరి పెద్దలు ఆ వాదం విన్నారు. ఇంతకన్నా పదునైన వేషం తెలుగు రంగస్థలం మీద నేను చూడలేదు.

మన ఉత్తరాంధ్ర వైపు ఈ కులానికి ఒక స్థానికమైన పేరుండేది, కూర్మాపువాళ్ళు. శ్రీకూర్మం గుడిలో ఆడిన స్త్రీల నుంచి ఆ పేరొచ్చిందని 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల గ్రంథం చెబుతోంది. అదే ఏడాది కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం అది. సానుల ఆటలు కూడదనే యాంటీ నాచ్ పట్టుదల ఉన్న సౌజన్యారావు పంతులు ఎదుట అందులోని సాని మధురవాణి ఎంత తెలివిగా నిలబడుతుందో మనందరికీ తెలుసు. ఆమె ఆట ఎలా ఉండేదో మాత్రం మనం ఎప్పుడూ అడగలేదు.

అప్పటికే సంఘసంస్కర్తలు వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు మేళాలకు వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డారు. వాళ్ళను తప్పు పట్టలేను. ఊహ తెలియని పిల్లకు దేవుడి పేర ముడిపెట్టడం దారుణమే. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. అందులో బోగం, కళావంతులు, సాని, నాగవాసులు, దేవదాసి అని పేర్లు వరసగా చెప్పి, చివర "కూర్మాపులు" అని కూడా చేర్చారు. ముడి కట్టడంతో పాటు, కుంభహారతి ఉన్నా లేకపోయినా, గుడిలోనూ దేవుడి ఊరేగింపులోనూ స్త్రీ నాట్యమే నేరమైంది. చెడును తీసేవాళ్ళు విద్యను పక్కకు తీసి దాచి ఉండాల్సింది. అలా చేయలేదు. ఆ మరుసటి ఏడాదే ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, పోషించే దివాణాలూ పోయాయి. కొందరు గ్రామఫోనుకూ, నాటకాలకూ, సినిమాకూ వెళ్ళారు. మిగిలినవాళ్ళు గజ్జెలు పెట్టెలో పెట్టి, పిల్లలకు తాము కళావంతులమనే మాట చెప్పకుండా పెంచారు.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు తూర్పు ఐరోపా యూదు కళాకారులు గుర్తొస్తారు. అక్కడ పెళ్ళిళ్ళకు క్లెజ్‌మర్ వాయిద్యగాళ్ళు వచ్చేవారు, ప్రాసలు కట్టి పెళ్ళికూతుర్ని ఏడిపించే బద్ఖన్ వచ్చేవాడు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. పెళ్ళికి వాళ్ళు కావాలి, మర్యాదకు మాత్రం చిన్నచూపే. తరువాత నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. టెరెజిన్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో యూదు పిల్లలు బ్రుందిబార్ అనే ఒపెరాను 55 సార్లు ఆడారు. స్వరకర్త హన్స్ క్రాసానూ, ఆడిన పిల్లల్లో చాలామందినీ 1944లో ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. దానికీ దీనికీ పోలిక పెట్టడం పాపం. అక్కడ జరిగింది జాతి హత్య, ఇక్కడ జరిగింది మంచి కోరినవాళ్ళు చేసిన చట్టం. పోలిక ఉన్నది ఆ తరువాతి కథలోనే. 1970ల్లో అమెరికాలో యువకులు పాత రికార్డులు విని క్లెజ్‌మర్ మళ్ళీ పట్టారు. పోలండులోని క్రాకోవ్‌లో 1988 నుంచి యూదు సంస్కృతి ఉత్సవం జరుగుతోంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు యూదులు కారు. వాయించే చేతులు మారాయి. అయితే ఆ సంగీతం ఎవరిదో అక్కడ దాచరు, ఉత్సవం పేరులోనే ఉంది.

మన దగ్గరా చేతులు మారాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఊరూరా తిరిగి పాత కళావంతుల్ని వెతికి పట్టుకున్నారు, వాళ్ళ విద్యను ఆంధ్రనాట్యం పేరుతో వేదిక ఎక్కించారు. నర్తకి స్వప్నసుందరి ఆ ఇళ్ళలోనే కూర్చుని నేర్చుకుని దాన్ని విలాసినీ నాట్యం అనే పేరుతో ప్రదర్శించారు. ఇద్దరికీ మనం రుణపడ్డాం. అయినా రెండు పేర్లలోనూ కళావంతులు లేరు. ఆ మాట పలకడానికి మనకింకా నోరు రాదు, వాళ్ళ మనవరాళ్ళకూ రాదు. వాళ్ళ మౌనానికి కారణముంది, మన మౌనానికి లేదు.

కార్యక్రమం అయ్యాక పెద్దాయన్ని అడిగాను, ఆ పాటలేమైనా గుర్తున్నాయా అని. తల అడ్డంగా ఊపి, రెండు క్షణాలు కూనిరాగం మాత్రం తీశారు. కళ్యాణిలా వినిపించింది.

నాట్యం నేర్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక్క మాట. వచ్చే వార్షికోత్సవానికి ఒక్క పదం దగ్గరైనా స్పీకరు ఆపి, ఆ పిల్ల చేతే పాడించండి. మైకులో పేరు చదివేటప్పుడు ఇది కళావంతుల విద్య అని కూడా చదవండి.