లెక్కల పుస్తకంలో గది లేని నేరం

'క్రైమ్ ఇన్ ఇండియా' 1953 నుండి వెలువడుతున్న ప్రభుత్వ గ్రంథం. నేడు దానిని జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకటిస్తున్నది. పట్టికలే తప్ప కథ లేని ఈ పుస్తకాన్ని ఇష్టపడి చదివేవారు తక్కువ. అయినా రాజ్యం దేనిని నేరంగా గుర్తిస్తుందో, దేనిని చూసీ చూడనట్లు వదిలేస్తుందో తెలియగోరేవారు చదవక తప్పదు.

లెక్క విలువ ఘంటసాల, దివిసీమ ప్రాంతాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మరణించినవారు అధికార లెక్కలో దాదాపు 10 వేలు. అంతకు మించేనని జనం మాట. ఆ వాదం ఏనాటికీ తెగదు, కాని అక్కడ జాబితా అంటూ ఒకటి తయారైంది గనుకనే దానిని కాదనడానికైనా వీలు చిక్కింది.

మత ద్వేషంతో జరిగే దాడుల విషయంలో ఆపాటి జాబితా కూడా లేదు. ఈ గ్రంథంలో షెడ్యూల్డు కులాలపై అత్యాచారాలకు ప్రత్యేక అధ్యాయం ఉంది. అది ఊరికే రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండ, దరిమిలా సాగిన పోరాటం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం దాని వెనుక ఉన్నాయి. మతం విషయానికి వస్తే 'మత ఘర్షణలు' అనే గది మాత్రమే కనిపిస్తుంది. చట్టరీత్యా ఘర్షణకు అయిదుగురైనా కావాలి. దారిన పోయే ఒంటరివాని గడ్డం చూసి ఇద్దరు కొడితే అది మామూలు కొట్లాట పద్దులో చేరుతుంది.

2016 ఆగస్టులో అమలాపురంలో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న ఇద్దరు దళిత సోదరులను గోరక్షణ పేరిట కొట్టారు. ఆవు కరెంటు తగిలి చచ్చిందని తరువాత తేలింది. బాధితులు దళితులు గనుక ఆ ఘటనకు ఒక చట్టం, ఒక అధ్యాయం ఉన్నాయి. అవే కర్రలు ఒక ముస్లిం పశువుల వ్యాపారి వీపు మీద పడితే ఏ పట్టికలో వెతకాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా ముస్లింలలోని అట్టడుగు వృత్తుల వారు షెడ్యూల్డు కులాల గదిలోకీ రారు.

మూక హత్యలు, ద్వేష నేరాల వివరాలను 2017లో ఈ సంస్థ సేకరించింది. కాని ఆ సంవత్సరపు సంపుటం 2019 అక్టోబరులో వెలువడినప్పుడు వాటి జాడ లేదు. ఆ నేరాలకు నిర్వచనం లేనందున సమాచారం నమ్మదగినదిగా లేదని, సేకరణ మానివేశామని 2021 చివరలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నిర్వచనం లేకుంటే నిర్వచించాలి గాని లెక్క మానుకోవడం ఏమి న్యాయం? ప్రత్యేక చట్టం చేయవలసిందిగా 2018 జూలై 17ననే సుప్రీంకోర్టు సూచించి ఉంది. (కారంచేడు తేదీయే!) 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 103(2) జాతి, కులం, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో అయిదుగురు లేక అంతకు మించి కలిసి చేసే హత్యను వేరుగా పేర్కొన్నది. సంతోషమే. కాని 'మతం' అనే మాటను అక్కడ రాయడానికి కలం ఎందుకు వెనుకాడిందో!

అమెరికాలో 1990 నుండి ఇందుకొక చట్టం ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆయనను ఇరానీయుడనుకున్నాడు. కోర్టు దానిని ద్వేష నేరంగానే శిక్షించింది. హతుని మతమేదని కాక హంతకుని మనసులో ఉన్నదేమిటని చూశారు. అయితే అక్కడా పోలీసులు లెక్క పంపడం వారి ఇష్టమే. ద్వేష నేరాలుగా విచారణ జరిగిన ఖాలిద్ జబారా, హెదర్ హయర్ హత్యలే పట్టికకు ఎక్కలేదు. 2021లో వారి పేరిట చట్టాన్ని సవరించారు.

ప్రభుత్వం చేయని పనిని మన దేశంలో పత్రికల వారు చేపట్టారు. 2017లో ఒకటి, 2018లో ఒకటి మొదలైన రెండు పట్టికలూ త్వరలోనే మూతపడ్డాయి. ఇక మన సంఘాలు సేకరించే జాబితాల సంగతి: ఆవేశంతో విన్నదల్లా చేర్చడం వల్ల నిజమైన ఘటన కూడా అనుమానం పాలవుతున్నది. ఒక్కొక్క ఉల్లేఖకుని నిజాయితీని, జ్ఞాపకశక్తిని జల్లెడ పట్టి, భక్తితో కల్పించిన హదీసులను సైతం తోసిపుచ్చిన ముహద్దిసుల వారసులకు ఈ అశ్రద్ధ తగదు. మనవారు చేసిన దాడి అయినా అదే జాబితాలో, అదే సిరాతో ఎక్కాలి.

ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఫిర్యాదీకి ఉచితంగా ఇవ్వాలి. రాసినది చదివి వినిపించాలి. స్టేషనులో తీసుకోకుంటే పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపవచ్చు. కొట్టేటప్పుడు పలికిన తిట్లు, మతాన్ని ఎత్తి అన్న మాటలు ఆ కాగితంలో చేరాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. ద్వేషం రికార్డు నుండి జారిపోయేది అక్కడే.