రేణువు పెరగకుండా

పళ్ల డాక్టర్లు క్యాప్‌గా తొడిగే జిర్కోనియా, తగినంత వేడిలో లాగితే ముదురు పాకంలా సాగుతుందంటే మొదటి ఏడాది విద్యార్థులు నమ్మరు. సిరామిక్ అంటే పగిలేదనే కదా మనందరి అనుభవం. కానీ 1986లో జపాన్‌లోని నగోయాలో ఫుమిహిరో వకాయ్ బృందం, కొద్దిగా ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియాను 1,450 డిగ్రీల దగ్గర లాగి, రెట్టింపుకు మించిన పొడవుకు సాగదీసి చూపింది.

అది కరిగి సాగడం కాదు. లోపలి రేణువులు తమ ఆకారం పెద్దగా మారకుండానే ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతాయి. జరిగినచోట పడే సందును సరిహద్దుల వెంబడి వచ్చే పరమాణువులు పూడుస్తాయి. రేణువు ఎంత చిన్నదైతే ఆ పరమాణువులకు ప్రయాణం అంత తక్కువ. రేణువు సైజు రెట్టింపైతే, అదే బలానికి సాగే వేగం నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో పడిపోతుంది. పూడ్చడం వెనకబడితే సూక్ష్మమైన రంధ్రాలు పుట్టి, ఒకటిగా కలిసి, ముక్క తెగిపోతుంది.

చిక్కేమిటంటే, సాగనిచ్చే వేడే రేణువుల్ని పెంచుతుంది. లాగుతున్నప్పుడు మరీ త్వరగా పెరుగుతాయి.

అందుకే నాకు లాగే యంత్రం కంటే ఆ తర్వాతి పని ఇష్టం. తెగిన ముక్కను అద్దంలా పాలిష్ చేసి, సింటరింగ్ (పొడిని గట్టి ముక్కగా కాల్చే) వేడికి కాస్త తక్కువలో కాసేపు ఉంచితే సరిహద్దులు సన్నని గాళ్లుగా తేలతాయి. ఒట్టి అల్యూమినాలో (అల్యూమినియం ఆక్సైడ్‌లో) పెద్ద రేణువులు చిన్నవాటిని మింగేసి ఉంటాయి. జిర్కోనియా కలిసిన అల్యూమినాలో రెండూ చిన్నగానే నిలుస్తాయి. ఒకదానిలో ఒకటి దాదాపు కరగవు కాబట్టి, ఒక రేణువు పెరగాలంటే దాని పరమాణువులు ఎదుటి జాతి రేణువుల్ని చుట్టి రావాలి. శుద్ధతను ఆరాధించే మా శాస్త్రంలో మిశ్రమం ఇంత మేలు చేయడం నాకెప్పుడూ సంతోషమే.

2001లో జపాన్‌లోనే కిమ్, హిరగా బృందం జిర్కోనియా, అల్యూమినా, స్పినెల్ అనే మరో ఆక్సైడ్ మూడూ కలిపి 1,050 శాతానికి మించి సాగదీసింది. సెంటీమీటరు ముక్క పదకొండున్నర సెంటీమీటర్లు దాటిందన్నమాట, అదీ అర నిమిషంలోపే! రేణువులు పెద్దగా పెరగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

రేణువు చిన్నగా ఉంటుందా లేదా అన్నది, లాగడానికి ముందే, ముక్కను కాల్చే కొలిమి దగ్గరే చాలావరకు తేలిపోతుంది. సాంద్రత రాలేదని విద్యార్థులు వేడి పెంచబోతారు. వద్దంటాను. ఒకసారి పైకి తీసుకెళ్లి, వెంటనే దించి, తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచమంటాను. ఐ-వే చెన్, వాంగ్ 2000లో ఇట్రియాతో చూపిన దారి అది. ఆ తక్కువ వేడిలో రంధ్రాలు పూడుతూనే ఉంటాయి, సరిహద్దులు మాత్రం కదలవు.