ఈమెయిలు ఖాతా ఎవరిది?

మామిడి కోతల వేళకే ప్రవేశపరీక్షల దరఖాస్తులు కూడ వచ్చిపడును. అప్పుడు విస్సన్నపేట నెట్ సెంటర్లయందు, తోటపనిని ఒక పూట మాని పిల్లలను వెంటబెట్టుకొని పల్లెలనుండి వచ్చిన తండ్రులకు దరఖాస్తు కంటె ముందుగా ఎదురగు ప్రశ్న, ‘మెయిల్ ఐడీ ఉన్నదా?’ అనునది. లేదన్నచో, వెనుక నిలిచినవారి తొందరను గమనించుచున్న సెంటరు యువకుడు తానే ఒక ఖాతా తెరచి, తనకు తోచిన పాస్‌వర్డు పెట్టి, తన ఫోను నెంబరునే జతపరచి, పని ముగించును. అతని యెడ నాకు నిష్ఠురము లేదు. కాని కౌన్సెలింగు నాటికి ఆ విద్యార్థి ఖాతా తెరువబోగా, ఓటీపీ మరియొకరి ఫోనునకు పోవును.

ఖాతాలు తెరచి యిచ్చుట నాకు చిరకాలముగ అలవాటైన పని గనుక, కష్టమెచ్చట నున్నదో చెప్పగలను. ‘ఫస్ట్ నేమ్’ అన్న గడిలో మనవారు ఇంటిపేరు వ్రాయుదురు. మన వ్యవహారమున మొదట వచ్చునది అదియే కదా. కోరిన చిరునామాను అంతకుముందే ఎవరో తీసికొనియుండుటచేత యంత్రము చివర కొన్ని అంకెలు తగిలించి చూపును; ఇల్లు చేరులోపలనే ఆ అంకెలు మరపున పడును. ఇవి అజ్ఞానమువలన కలిగిన దోషములు కావు. అడుగువాడు ఎదుటివానిని ఎరుగక అడుగుటవలన కలిగినవి.

పరికరములను నిర్మించువారు తలచినచో ఈ భారము తగ్గుననుటకు నిదర్శనము కలదు. పూర్వము కంప్యూటరులో మెయిలు అమర్చుకొనవలెనన్న, వచ్చు ఉత్తరములకు ఏ సర్వరు, పోవు వానికి ఏ సర్వరు, ఐమాప్ పోర్టు 143 యా, 993 యా అని మనుష్యుడే చెప్పవలసి యుండెడిది. 2009 డిసెంబరులో వెలువడిన థండర్‌బర్డ్ 3 అను మెయిలు సాఫ్ట్‌వేరు, చిరునామాలోని ‘ఎట్’ గుర్తు తరువాతి భాగమును బట్టి ఆ వివరములను తానే వెదకికొన నేర్చినది. 2011లో ఆర్ఎఫ్‌సీ 6186 అను ప్రమాణము, మెయిలు సంస్థలు తమ సర్వర్ల వివరములను ఇంటర్నెట్టు పేర్ల పట్టికయగు డీఎన్ఎస్‌లోనే ప్రకటించు మార్గమును నిర్దేశించినది. యంత్రము తెలిసికొనగల సంగతిని మనుష్యుని అడుగరాదన్న ఈ న్యాయము ఖాతా తెరచు పుటలకును వర్తింపవలెను. తెలుగు లిపిలో చిరునామా 2012 నాటి ప్రమాణములచే సాధ్యమైనను, పెక్కు దరఖాస్తు పుటలు దానిని చెల్లదని నేటికిని త్రోసివేయుచున్నవి.

పాస్‌వర్డును కాగితముపై వ్రాయరాదని కొందరందురు. ఇంటి బీరువాలోని నోటుపుస్తకము కంటె పరుల ఫోనునకు ముడిపడిన ఖాతాయే నాకు ఎక్కువ భయము గొలుపును. కావున, నెట్ సెంటర్ల మిత్రులారా, విద్యార్థి యింటివారి ఫోను నెంబరునే జతపరచుడు. పాస్‌వర్డును విద్యార్థి చేతనే టైపు చేయించి, చిరునామాతో కూడ వ్రాయించి పంపుడు. ఇదివరకు తెరచిన ఖాతాల యజమానులు వచ్చి అడిగినచో, విసుగుకొనక నెంబరు మార్చి యిండు.